మాటకు మాట కాదు, భావమునకు భావము



స్పానిషు మాతృభాషగా గలవారు ఇంగ్లీషు నేర్చుకొనునపుడు, ఇంగ్లీషు వాక్యమును దాని స్పానిషు అనువాదమును ప్రక్కప్రక్కన నుంచుకొని చదువు పద్ధతి యొకటి కలదు. ఇది క్రొత్తది కాదు. స్పానిషు నేర్చు ఆంగ్లేయులకై 1599లోనే లండనునందు జాన్ మిన్షూ రెండు భాషలలోను సంభాషణలు ప్రకటించెను.

నిఘంటువుండగా వాక్యమేల యందురేమో! జోరుగా వాన పడునపుడు ఆంగ్లేయుడు “పిల్లులును కుక్కలును కురియుచున్నవి” అనును. స్పానిషువాడు “యువేవే ఆ కాంతరోస్” అనును. కడవలతో కురియుచున్నదని దాని యర్థము. మన కుండపోత యదియే గదా! వస్తువు వెల మిక్కుటమైనచో ఆంగ్లేయుడు చేయియు కాలును ఖర్చైనవనును. స్పానిషువాడు ముఖమునందలి కన్నొకటి ఖర్చైనదనును. ఈ జంటలు ఏ నిఘంటువులోను మాటకు మాటగా కుదురవు.

పోలికగల మాటలయందు మోసము మఱింత హెచ్చు. స్పెయినులో “కోన్‌స్తిపాదో” యనగా పడిశము పట్టినవాడు. ఇంగ్లీషున “కాన్‌స్టిపేటెడ్” అనగా మలబద్ధము గలవాడు. పడిశముతో వైద్యునికడ కేగి యీ మాట పలికినవాడు విరేచనౌషధముతో ఇల్లు చేరవచ్చును! “ఐ హావ్ ఎ కోల్డ్” అను వాక్యమును అనువాదముతో నేర్చినవానికి ఈ చిక్కు లేదు.

కావున దినమునకు ఐదు వాక్యములు చాలును. మొదట ఇంగ్లీషు చదివి భావము తన భాషలో చెప్పవలయును. మఱునాడు ఇంగ్లీషును మూసి, స్పానిషు చూచి, ఇంగ్లీషు చెప్పి సరిచూచుకొనవలయును. ఈ రెండవది కష్టము. విద్య నిలుచునది దానివలననే.