వయసు ఒకటే, ఎదుగుదల వేరు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చాలా ఏళ్ళు బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఆటల ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. నా కబడ్డీ జట్టులోని ఇద్దరు పిల్లల సంగతి వినండి.

ఇద్దరికీ పన్నెండేళ్ళే. పద్నాలుగేళ్ళలోపు విభాగంలో ఆడాలి. ఒకమ్మాయి అప్పటికే పెద్దమనిషైంది, నాకన్నా పొడుగు. రెండో అమ్మాయి బక్కపలచనిది, కానీ కూతకు వెళితే ఎవరికీ చిక్కేది కాదు. సెలెక్షన్లలో పొడుగు పిల్లనే తీసుకున్నారు. చిన్నది "నాకు ఆట రాదు టీచర్" అని మానేసింది. రెండేళ్ళకి మిగతా పిల్లలూ ఎదిగారు. బలంతోనే నెగ్గుకొచ్చిన మొదటి అమ్మాయి వెనకబడింది. "ఎదిగిన పిల్లకి గంతులేమిటి" అని ఇంట్లో అప్పటికే అంటున్నారు. ఆమె కూడా మానేసింది.

పుట్టిన తేదీ మాత్రమే చూస్తే ఈ తేడా కనబడదు. ఆడపిల్లలు సగటున 12 ఏళ్ళప్పుడు, మగపిల్లలు 14 ఏళ్ళప్పుడు వేగంగా పొడుగెదుగుతారు. కానీ ఒకరు ముందు, ఒకరు వెనక.

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ అకాడమీలు బయో బ్యాండింగ్ అనే పద్ధతిని ప్రయత్నించాయి. పెద్దయ్యాక ఎంత పొడుగవుతారో అంచనా వేసి, అందులో 85 నుంచి 90 శాతం ఎదిగిన 11–14 ఏళ్ళ అబ్బాయిలను కలిపి ఆడించారు. ముందే ఎదిగినవాళ్ళు బలం ఒక్కటే చాలక ఆలోచించి ఆడాల్సి వచ్చిందన్నారు. ఆలస్యంగా ఎదిగేవాళ్ళు తమ నేర్పు చూపగలిగామన్నారు. వయసు విభాగాలు తీసెయ్యమని కాదు, వాటితోపాటు ఇలా కూడా ఆడించమని దీని అర్థం.

మన ఆడపిల్లల విషయంలో అసలు ప్రశ్న వేరే ఉంది. ఎదుగుదలను ఎవరు కొలుస్తారు, ఎలా కొలుస్తారు? ట్యానర్ దశల పద్ధతిలో రొమ్ములూ, మర్మస్థానంలో వెంట్రుకలూ చూసి నిర్ణయిస్తారు. ఆటల పేరుతో అందుకు ఒప్పుకోకూడదు. నెలసరి వచ్చిందా అని వరసలో నిలబెట్టి అడగడానికీ వీల్లేదు. 1994లో ప్రచురించిన ఖామిస్–రోష్ పద్ధతికి పిల్ల వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు చాలు. అయితే అది అమెరికా తెల్లజాతి పిల్లల కొలతలతో కట్టిన లెక్క. మన పిల్లలతో సరిచూడకుండా తెచ్చుకోలేం. తండ్రి వదిలేసి పోయిన పిల్లకి ఆయన ఎత్తు ఎక్కడ తెస్తాం? తిండి చాలక ఎదగని పిల్లను "ఆలస్యంగా ఎదిగేది" అని రాసి చేతులు దులుపుకుంటామా?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. కొలతలు ఉపాధ్యాయురాలే, చాటున తీసుకోవాలి. పిల్లా, ఇంటివాళ్ళూ ఒప్పుకోవాలి. ఆ కాగితం నోటీసు బోర్డు ఎక్కకూడదు. పెద్దమనిషైందని ఏ పిల్లా మైదానం వదలకూడదు. కొలత ఆడపిల్లను ఆటలో నిలబెట్టడానికే కావాలి, ఆమె ఒంటి మీద మరో కాపలా పెట్టడానికి కాదు.