రక్తం మనది, విజ్ఞానం ఎవరిది?

(విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్ర పరిశోధన గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మేము సంకోచించాము. మేము శాస్త్రవేత్తలము కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. అయితే ఏ కాగితం ఎవరి చేతికి అందుతుంది, ఎవరి చేతికి అందకుండా ఏ బీరువాలో ఆగిపోతుంది అన్న సంగతి గుమాస్తాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాము.

బేగంపేటలో పాత విమానాశ్రయం సమీపాన ఒక పురాతన భవనం ఉంది. 1897 ఆగస్టులో అక్కడ రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా రోగి ఒకరిని దోమలతో కుట్టించాడు. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున, పది దోమలకు పది అణాలు ఆయనకు ముట్టాయి. నాలుగు రోజుల తరువాత, ఆగస్టు 20న, ఆ దోమల్లో ఒకదానిని కోసి చూడగా దాని కడుపు గోడలో మలేరియా క్రిమి ఆనవాలు కనిపించింది. ఆ విషయం అదే డిసెంబరులో లండన్‌లోని వైద్య పత్రికలో ఇంగ్లీషులో అచ్చయింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ ప్రతిభను మేము తక్కువ చేయడం లేదు. ఆ ఆవిష్కరణ లోకానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. కాని రక్తమిచ్చిన మనిషికి పది అణాలతో లెక్క తీరిపోయిందా అన్న ప్రశ్న మమ్మల్ని వదలదు.

అది పరాయి పాలన కాలం కదా అని మీరు అనవచ్చు. కొన్నేళ్ల క్రితం మా బస్తీకి ఒక సంస్థవారు సర్వేకు వచ్చారు. స్త్రీలలో రక్తహీనతపై అధ్యయనమన్నారు. ఇంటింటా తలుపు తట్టి, రక్తం తీసుకొని, ఇంగ్లీషు కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు వేయించుకొని వెళ్లారు. మా ఇంటి ఆడవాళ్లూ ఇచ్చారు. ఫలితం నేటికీ రాలేదు. మేము రెండుసార్లు ఉత్తరం వ్రాశాము, జవాబు లేదు. పరిశోధనకు సమ్మతి తీసుకునేటప్పుడు ఆ మనిషికి అర్థమయ్యే భాషలోనే వివరించాలని భారత వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే వేలిముద్రకు ముందే అడిగి ఉండేవారము.

అడ్డుగా ఉన్న తలుపుకు తాళాలు రెండు. ఒకటి భాష. తెలుగులో, ఉర్దూలో శాస్త్రం చెప్పడానికి పదాలు లేవని చదువుకున్నవారే అంటుంటారు. ఇది చరిత్ర తెలియని మాట. 1906లో ఇదే హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో చరిత్రతోపాటు శాస్త్ర గ్రంథాలనూ వెలువరించింది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి పండితులు దాని బాధ్యత వహించారు. భౌతిక, రసాయన, గణిత, వైద్య శాస్త్రాల గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. పదం లేనిచోట పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చొని పదం తయారుచేశారు. వైద్య విద్య సైతం ఉర్దూలో సాగింది. ఆనాటి రసాయన శాస్త్ర గ్రంథం ఒకటి మా ఇంట్లో ఉండేది. చెదలు తినేశాయి, ఆ నిర్లక్ష్యం మాదే. ఆ ఏర్పాటులో లోటు లేదని మేము అనము. రాజ్యంలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. వారికి అది అందలేదు. 1948 తరువాత ఆ ప్రయత్నమే ఆగిపోయింది. లోటు సరిదిద్దవలసినచోట పనినే చాలించారు.

రెండవ తాళం ధర. ప్రజల పన్నులతో జరిగిన పరిశోధన సైతం విదేశీ ప్రచురణ సంస్థల చేతిలో పడి, తిరిగి మనకే డబ్బుకు అమ్ముడవుతోంది. ఆదివారాలు మా చిన్న గ్రంథాలయానికి వచ్చే ఒక అమ్మాయి ఉంది. ప్రైవేటు మైనారిటీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చదువుతోంది. ఇళ్లలో నిలవ ఉంచే నీటిలో డెంగీ దోమ పెరగడంపై ఒక వ్యాసం ఆమెకు కావలసివచ్చింది. ముప్పై డాలర్లకు పైగా కట్టమన్నారు. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. "తాతయ్యా, మొదటి పేరా మాత్రం ఉచితమట" అని నవ్వింది. ఆ నవ్వు మాకు బాధ కలిగించింది.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'ఒకే దేశం ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. మంచి పని, స్వాగతించవలసిందే. అయితే ఆమోదించిన పథకం ప్రభుత్వ నిర్వహణలోని విద్యాసంస్థలకే. మన పిల్లలలో ఎందరో చదివే ప్రైవేటు మైనారిటీ కళాశాలల మాటేమిటి? కళాశాల గడప తొక్కని సామాన్యుని మాటేమిటి? మన కళాశాలల యాజమాన్యాలు భవనాలకు, గేట్లకు చూపే శ్రద్ధలో కొంత ఈ విషయంలో చూపి, ప్రభుత్వానికి విజ్ఞాపన పంపాలి. ముసాయిదా వ్రాసిపెట్టడానికి మేము సిద్ధం. అది మా పాత వృత్తే.

ఈలోగా చేతిలో ఉన్నదాన్ని వదులుకోవద్దు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ తమ నిధులతో జరిగిన పరిశోధనా వ్యాసాలను అందరికీ అందుబాటులో ఉంచాలని 2014లోనే విధానం ప్రకటించాయి. శోధ్‌గంగలో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవవచ్చు. మందుల ప్రయోగాల వివరాలు జాతీయ రిజిస్ట్రీలో ఎవరైనా చూడవచ్చు. ఇంకొక మార్గం మరీ సులువు: వ్యాసం వ్రాసినవారికే మర్యాదగా ఒక ఈమెయిల్ పంపడం. ఆ అమ్మాయి చేత మేము అదే చేయించాము. మూడవ రోజున ఆ శాస్త్రవేత్త వ్యాసం మొత్తం పంపి, ఇంకేమైనా సందేహాలుంటే అడగమని కూడా వ్రాశారు. అందరూ ఇలా స్పందించకపోవచ్చు, అడగడానికి మాత్రం ఖర్చు లేదు.

ఇక మన బస్తీలకు సర్వే అంటూ ఎవరు వచ్చినా, గౌరవంగా కూర్చోబెట్టి టీ ఇచ్చి, మూడు మాటలు అడగండి: ఈ కాగితం మా భాషలో ఉందా? ఫలితం మాకు ఎప్పుడు, ఎవరు చెబుతారు? అచ్చయిన వ్యాసం ప్రతి మా గ్రంథాలయానికి వస్తుందా? ఇది అడ్డుకోవడం కాదు. పరిశోధన జరగాలి, మన బస్తీలలో మరీ జరగాలి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు గ్రంథాలయంలో ఆ అమ్మాయి ఆ వ్యాసాన్ని తెలుగులోను, ఉర్దూలోను వివరించబోతోంది. ఇంట్లో నీళ్ల డ్రమ్ములు ఉన్నవారు తప్పక రావాలి. మూతలేని డ్రమ్ములు ఉన్నవారు ఇంకా ముందుగా రావాలి.