షికాగోలో ఒక రాత్రి ఆట

కిందటేడు షికాగోలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, ఓ రాత్రి అల్లుడుగారు మమ్మల్ని రిగ్లీ ఫీల్డుకు బేస్‌బాల్ ఆట చూపించడానికి తీసుకువెళ్లారు. 1914లో కట్టిన మైదానమది. చివరి ఇటుక గోడంతా పచ్చని తీగ అల్లుకుని, పెరటి గోడలా కళ్లకు హాయిగా ఉంది. జనం మాత్రం వేరుశనక్కాయలు వొలుచుకుని తొక్కలు కాళ్లకిందే పారేస్తారు! మనిళ్లలో అయితే ఊరుకుంటామా?

నాకు ఆటేం తెలుస్తుంది గనక! నా చూపంతా పక్కసీటులో ఉన్న డెబ్భై దాటిన ఆవిడ మీదే. బ్యాటు పట్టుకొచ్చిన ప్రతివాడి సంగతీ, మనం పాలలెక్క వేసుకున్నట్టు, పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటోంది. మా అమ్మాయి మాట కలిపింది.

ఇక్కడ దీపాల వెలుగులో ఆట మొదలైంది 1988 ఆగస్టులోనేనట. ఆ మొదటి రాత్రే వానకొట్టి ఆట ఆగిపోయింది. ఆవిడా, వాళ్ల నాన్నగారూ తడిసి ముద్దయి ఇల్లు చేరారట.

వాళ్ల కబ్స్ జట్టు 1908 తర్వాత మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచింది 2016లోనే. నూట ఎనిమిదేళ్లు! నాన్నగారు అది చూడకుండానే పోయారు. అప్పుడు జనం ఈ మైదానం గోడలమీద, పోయిన తమవాళ్ల పేర్లు సుద్దముక్కలతో రాశారు. ఈవిడా రాసింది.

"వానపడితే చెరిగిపోదూ?" అని అడిగించాను.

"పోనివ్వండి, ఆయనకు వాన అలవాటేగా!" అని నవ్వింది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఆ రాత్రి కబ్స్ ఓడిపోయారు. ఆవిడ ఆఖరి గుర్తు కూడా పెట్టి, పుస్తకం సంచిలో వేసుకుని, మంగళవారం మళ్లీ వస్తానంది.