స్పోర్ట్ బైక్ ఈసీయూ ట్యూనింగ్: ఎవరి చేతిలో పెట్టాలి? వైజాగ్ రైడర్లకి నా అనుభవం

గాజువాక నుంచి మళ్ళీ నేనే. పోయిన ఎపిసోడ్‌లో చైన్, స్ప్రాకెట్ గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే, "అన్నా, ఈసీయూ రీమ్యాప్ ఎక్కడ చేయించాలి, షాపు పేరు చెప్పు" అని. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ఈ టేబుల్ మీద ఉంది, కెమెరా దగ్గరికి తెస్తా చూడండి. ఇది నా ఆర్‌సీ 390 పిస్టన్. అంచు చుట్టూ చీమలు కొరికినట్టు గుంటలు పడ్డాయి చూశారా? ఇక్కడ, రింగు కూర్చునే గట్టు, విరిగిపోయింది. దీనికి అయిన ఖర్చు ముప్పై ఎనిమిది వేలు. దీన్ని ఇలా చేసినందుకు నేను ముందే ఇచ్చిన తొమ్మిది వేలు వేరే.

కథ తర్వాత చెప్తా. ముందు ఈసీయూ ఏం చేస్తుందో రెండు ముక్కలు. లోపల ఒక పెద్ద గళ్ళ పట్టిక ఉందనుకోండి. అడ్డంగా థ్రాటిల్ ఎంత తెరిచారు, నిలువుగా ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉంది. ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది, ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలి అని. ఇలాంటిదే ఇంకో పట్టిక, స్పార్క్ ఎప్పుడు పడాలి అని. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఫుల్ పవర్ కావాలంటే కొంచెం పెట్రోల్ ఎక్కువ వేసి 13 దగ్గర ఉంచుతారు. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే దాన్ని లీన్ అంటాం, ఫుల్ లోడ్‌లో లీన్ అంటే వేడి. స్పార్క్ మరీ ముందు పడితే నాకింగ్. మన దగ్గర తిరిగే బైకుల్లో చాలావాటికి నాక్ సెన్సర్ ఉండదు. అంటే లోపల దెబ్బ తగులుతున్నా బైక్ తనంతట తాను చెప్పదు, మన చెవే సెన్సర్. హెల్మెట్ పెట్టుకున్న చెవి, అదీ సంగతి.

ఇప్పుడు కథ. నా బైక్ 2018 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరు బయటి ఎగ్జాస్ట్ వేయించాడు. దానికి తగ్గట్టు మ్యాప్ కావాలి కాబట్టి 2022లో ఒక షాపుకి వెళ్ళాను. సీటు కింద ఒక ప్లగ్-ఇన్ బాక్సు పెట్టారు, ల్యాప్‌టాప్‌లో "రేస్ మ్యాప్" అని ఒక ఫైల్ ఎక్కించారు, ఇరవై నిమిషాల్లో తాళం చేతికిచ్చారు. అప్పుడు నాకు బాగా నచ్చిన మాట ఏంటంటే, "ఐదు గుర్రాలు పెరిగాయి గురూ". బీచ్ రోడ్డులో తోలి చూశాను, నిజంగానే లాగుతున్నట్టు అనిపించింది. తొమ్మిది వేలు ఇచ్చినవాడికి అలాగే అనిపిస్తుంది లెండి.

మే నెలలో మా బామ్మర్దిని వెనకాల ఎక్కించుకుని అరకు బయల్దేరాను. ఎస్.కోటలో మామూలు పెట్రోల్ కొట్టించాను. ఘాట్ మొదలయ్యాక, మూడో గేరులో, ఆర్‌పీఎం తక్కువగా ఉండగా థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఎక్కిస్తున్నాను. వెనకనుంచి వాడు, "బావా, ఏటో కంకర కొట్టినట్టు సౌండొస్తంది" అన్నాడు. రోడ్డు మీద కంకరేమో అనుకున్నా. అనంతగిరి దాకా రాకుండానే, ఒక ఎడమ మలుపు మధ్యలో, బండి ఒక్కసారి ఊపిరి వదిలేసింది. థ్రాటిల్ తిప్పుతున్నా, ముందుకి లేదు. వెనక కంకర లారీ, హారన్ మీద హారన్. వాడు కాలు పెట్టేసి దిగిపోబట్టి గానీ, మేమిద్దరం, బండీ కలిసి ఆ అంచు మీదికి ఒరిగేవాళ్ళం. మా బామ్మర్ది ఆ రోజు నుంచి నా బండి ఎక్కలేదు. ఎక్కమని నేనూ అడగలేదు.

బండిని వ్యాన్‌లో వేసుకుని కిందకి తెచ్చాం. ఇంజిన్ విప్పితే ఈ పిస్టన్. తర్వాత తెలిసిందేంటంటే ఆ ఫైల్ యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోల్‌కి, వేరే ఎగ్జాస్ట్‌కి చేసింది. స్పార్క్ ముందుకి జరిపి ఉంది. మనం కొట్టించింది 91 ఆక్టేన్. బయట మే నెల ఎండ, బండి మీద ఇద్దరం, ఎక్కుడు. బాక్సు తప్పు కాదు, అందుకే బ్రాండ్ పేరు కూడా చెప్పను. లోపల పెట్టిన అంకెలు నా బండివి కావు.

షాపుకి మా నాన్నగారు కూడా వచ్చారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో గోదావరి దగ్గర చేసి రిటైర్ అయ్యారు. గోదావరి అంటే నది కాదండీ, మన ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు, అందులో మొదటిది. బైకుల గురించి ఆయనకి ఏమీ తెలీదు. షాపులో కుర్రాడిని ఒకటే అడిగారు. "బాబూ, మీరు చెయ్యకముందు ఎంతుండేది? చేశాక ఎంతయింది? ఆ కాగితం ఏదీ?" కాగితం లేదు. అసలు కొలవలేదు. "మరి ఐదు పెరిగిందని ఎలా చెప్పారు?" అన్నారు. దానికి జవాబు రాలేదు. గాలి ఎంత పోతోంది, కోక్ ఎంత పడుతోంది అని షిఫ్టుకి షిఫ్టు రాసుకున్న మనిషి ఆయన. నాకు తోచని ప్రశ్న ఆయనకి తోచింది.

రెండోసారి నేను మూడు చోట్లకి ఫోన్ చేశాను, మూడూ వేరే ఊళ్ళు. ఒకాయన వాట్సాప్‌లో గ్రాఫులు పంపారు, బాగా రంగురంగులవి, కానీ ఏ బండివో, ఏ రోజువో లేదు. రెండో ఆయన "ఫైల్ మెయిల్ చేస్తాను, మీరే ఎక్కించుకోండి" అన్నారు. మూడో ఆయన, బెంగళూరులో, నేను పని ఇస్తానంటే వద్దన్నారు! "ముందు వాల్వ్ క్లియరెన్స్ చూపించండి, కంప్రెషన్ కొలిపించండి, ఎయిర్ ఫిల్టర్ మార్చండి, ఎగ్జాస్ట్ ఎక్కడా లీక్ లేకుండా చూసుకోండి, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఎగ్జాస్ట్ జాయింట్ దగ్గర లీక్ ఉంటే బయటి గాలి లోపలికి లాగి ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెప్తుంది, ఆ తప్పు మీద చేసిన ట్యూన్ అంతా తప్పే. నేను ఆయన్నే ఎంచుకున్నాను.

మీరు ఫోన్ చేసినప్పుడు ముందు డైనో గురించి అడగండి. డైనోలో రెండు రకాలు. ఒకటి బరువైన డ్రమ్ మాత్రమే, థ్రాటిల్ ఫుల్ తెరిచి ఆ డ్రమ్‌ని ఎంత వేగంగా తిప్పామో చూసి పవర్ లెక్కకడతారు. రెండోదానికి బ్రేక్ ఉంటుంది, 5,000 ఆర్‌పీఎంలో, పావు థ్రాటిల్‌లో బండిని కదలకుండా పట్టి ఉంచగలదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, మనం రోజూ ఎక్కడ బతుకుతున్నాం? ఎన్ఏడీ నుంచి గాజువాక దాకా ట్రాఫిక్‌లో, పది నుంచి నలభై శాతం థ్రాటిల్‌లో. ఫుల్ థ్రాటిల్ అనేది ఆ గళ్ళ పట్టికలో చివరి ఒక్క వరుస. డ్రమ్ మీద ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటే ఆ ఒక్క వరుసే దిద్దారు, మిగతా గడులన్నీ ఎవరివో. గడి గడికీ ఆగి, కొలిచి, దిద్దితే ఒక పూట పడుతుంది. నా బండికి నాలుగు గంటలు పట్టింది, మధ్యలో రెండుసార్లు చల్లారనిచ్చారు.

డైనో అంకెల్లో ఇంకో మాయ ఉంది. వాతావరణాన్ని బట్టి అంకెని సరిచేసే పద్ధతులు వేరు వేరు. ఎస్‌ఏఈ అని ఒకటి, ఎస్‌టీడీ అని ఒకటి. ఒకే బండి, ఒకే పరుగు, ఎస్‌టీడీలో చూపిస్తే సుమారు నాలుగు శాతం ఎక్కువ కనిపిస్తుంది. ముందు అంకె ఒక పద్ధతిలో, తర్వాత అంకె ఇంకో పద్ధతిలో ఇస్తే ఏ పనీ చెయ్యకుండానే పవర్ పెరుగుతుంది. అదే రోజు, అదే డైనో, అదే పద్ధతి, ముందొకటి, తర్వాతొకటి. అడిగితే ఇవ్వాలి.

ఇక ఇది మన వైజాగ్ వాళ్ళకే ప్రత్యేకమైన సంగతి, కొంచెం జాగ్రత్తగా వినండి. మనం సముద్రం ఒడ్డున ఉన్నాం. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు. అరకు కూడా దాదాపు అంతే. ఆ ఎత్తులో గాలి పీడనం సుమారు పది శాతం తక్కువ. అక్కడి పల్చటి గాలికి సరిపోయేలా పెట్రోల్ పెట్టి, ఆ అంకెలని అలాగే మన బీచ్ రోడ్డుకి తెస్తే, ఇక్కడి చిక్కటి గాలికి పెట్రోల్ చాలదు. కంపెనీ ఈసీయూకి గాలి పీడనం చూసి దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తీసేయలేదు కదా, అది పనిచేస్తుండగానే ట్యూన్ చేశారు కదా అని అడగండి. ఈ ప్రశ్న అడగ్గానే అవతలివాళ్ళు "మీది ఏ ఊరు?" అని తిరిగి అడిగితే మంచి గుర్తు. మనం పొద్దున్న సముద్రం దగ్గర టీ తాగి మధ్యాహ్నం అరకులో బొంగు చికెన్ తినేవాళ్ళం. ఒకే పూటలో ఆ తేడా అంతా మన ఇంజిన్ చూస్తుంది.

పెట్రోల్. మల్కాపురంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మన పక్కనే ఉంది, వాళ్ళ పవర్ 99 ఉంది, ఇండియన్ ఆయిల్ వాళ్ళ ఎక్స్‌పీ 100 ఉంది. ఆక్టేన్ ఎక్కువ పోస్తే దానంతటదే పవర్ రాదు. స్పార్క్ ముందుకి జరపగలిగితేనే ఉపయోగం. అలా జరిపి 99కి ట్యూన్ చేయిస్తే, ఘాట్ దారిలో ఆ పెట్రోల్ దొరకనప్పుడు ఏం చేస్తారు? నేను మామూలు పెట్రోల్‌కే చేయమన్నాను. ఒక గుర్రం తగ్గినా ఫర్వాలేదు. ఇప్పుడు ఈ20 వచ్చింది కాబట్టి ఇంకోటి. ఇథనాల్ పూర్తిగా కాలడానికి గాలి తక్కువ చాలు, అందుకని ఈ20కి ఆ 14.7 కాస్తా 13.5 దగ్గరికి దిగుతుంది. పాత పెట్రోల్ రోజుల్లో చేసిన ఫైల్, పైగా ఆక్సిజన్ సెన్సర్ పీకేసి ఉంటే, ఈ రోజు ఇంకాస్త లీన్‌గా నడుస్తుంది. ఇథనాల్ నాకింగ్‌ని కొంత ఆపుతుంది, నిజమే, కానీ దానికీ లీన్‌కీ లెక్క వేరు. అందుకే ట్యూనర్ లాంబ్డాలో మాట్లాడితే మేలు. లాంబ్డా 1 అంటే ఏ పెట్రోల్ అయినా సరిగ్గా సరిపోయింది అని అర్థం, తికమక ఉండదు.

బాక్సా, ఫ్లాషా అని అడుగుతారు. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ళ పవర్‌ట్రానిక్ లాంటివి బాక్సులు, కంపెనీ ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్యలో కూర్చుంటాయి, తీసేస్తే బండి పాతదే. ఫ్లాష్ అంటే ఈసీయూ లోపలి అంకెలనే మార్చడం. ఫ్లాష్ చేయిస్తే, ముందున్న ఒరిజినల్ ఫైల్‌ని చదివి మీకు పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా లేదా అనేది మొదటి షరతు. ఇవ్వనంటే లేచి వచ్చేయండి. బాక్సు అయితే మనకి వేరే బాధ, ఉప్పు గాలి. సీటు కింద కనెక్టర్లు ఆరు నెలల్లో పచ్చగా తుప్పు పడతాయి, ఒకరోజు బండి మిస్ కొడుతుంది, మనం మ్యాప్‌ని తిడతాం. వైరు కోసి అతికించే షాపు వద్దు, ప్లగ్గులతో కలిపే హార్నెస్, సీలు ఉన్న కనెక్టర్లు, లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు. ఓపెన్ ఫిల్టర్ పెట్టుకుని పోర్టు రోడ్డులో తిరిగేవాళ్ళకైతే, ట్యూనింగ్ కన్నా ముందు ఆ నల్లదుమ్ము ఎటు పోతోందో చూసుకోమంటాను.

చట్టం సంగతి దాచను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. శబ్దం, పొగ హద్దు దాటితే సెక్షన్ 190 కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, దాంతోపాటు మూడు నెలలు లైసెన్సు పోతుంది. సైలెన్సర్ల మీద పోలీసులు రోడ్ రోలర్ ఎక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. వారంటీలో ఉన్న బండికైతే చేయించకండి, సర్వీస్ సెంటర్లో టూల్ పెడితే తెలిసిపోవచ్చు, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని సలహా ఇచ్చే షాపు అయితే నేను గుమ్మం ఎక్కను. నా బండికి కూడా ఆ బయటి ఎగ్జాస్ట్ తీసేసి, కంపెనీదే వెతికి వేయించాకే బెంగళూరు పంపాను. అది ఇంకో ఎనిమిది వేలు.

మరి చివరికి ఎంత పెరిగింది? వీల్ దగ్గర 36.8 నుంచి 39.1. అంటే మూడు గుర్రాలు కూడా లేవు. బండిని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పార్సిల్ వేశాను, ట్యాంకులో చుక్క పెట్రోల్ లేకుండా తీయించారు, రానూపోనూ, ట్యూనింగ్ కలిపి ఇరవై మూడు వేలు. ఆ 2.3 గుర్రాల కోసమైతే దండగే. నాకు పనికొచ్చింది ఏంటంటే, 4,000 లోపు ఆ కుదుపు ఉంటుంది చూశారా, ఆర్‌సీ వాళ్ళకి తెలుసు, అది చాలా వరకు పోయింది. ఫ్యాన్ కూడా కొంచెం ముందే తిరిగేలా పెట్టారు. బండి మొత్తం కంపెనీ సరుకుతో ఉండి, కుదుపు మీకు ఇబ్బంది కాకపోతే, ఆ డబ్బు మంచి టైర్లకి పెట్టండి. ఆర్15 ఈఎంఐ కడుతూ ట్యూనింగ్ అడుగుతున్న తమ్ముళ్ళకి మరీ మరీ చెప్తున్నా.

పోయిన నెల మళ్ళీ అదే ఘాట్ ఎక్కాను, ఒక్కడినే. ఆ ఎడమ మలుపు దగ్గర హెల్మెట్ అద్దం ఎత్తి విన్నాను. ఏ సౌండూ లేదు. నాన్నగారు ఆ డైనో కాగితం రెండూ తీసుకుని ఆయన ఫైల్‌లో, కరెంటు బిల్లుల పక్కన పెట్టుకున్నారు.

వచ్చే వారం వాల్వ్ క్లియరెన్స్ ఇంట్లో ఎలా కొలవాలో, ఫీలర్ గేజ్ పట్టుకుని ఇదే టేబుల్ మీద చూపిస్తాను. ఉంటానండి.