ఆంగ్లికను సంఘమును, తోటి క్రైస్తవ సంఘములును

(శతవార్షికోత్సవ సభలలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఆంగ్లికను సంఘమునకు ఇతర సంఘములతో గల సంబంధములను గూర్చి మాట్లాడుమని కమిటీవారు నన్ను కోరిరి. వినుటకిది వేదాంత కళాశాలలో పాఠమువలె తోచును. కాని మన పేటలలో పెండ్లి మాటల దగ్గర, సమాధుల తోట దగ్గర, ప్రభువు బల్ల దగ్గర ఏటేటా లేచుచున్న ప్రశ్న ఇదే. "వారు ఏ మిషను వారండీ?" అని అడుగనివారు మనలో ఎందరు? మిషనులు వెళ్లిపోయి చాలా కాలమైనది. ప్రశ్న మాత్రము మన యింట మిగిలినది.

ముందుగా ఒక పాత సంగతి చెప్పెదను. బైబిలును తెలుగులోనికి తర్జుమా చేయుటకు పూనుకొన్న తొలివారిలో బెంజమిన్ షుల్జ్ అను జర్మను లూథరను మిషనరీ ఒకడు. ఆయన తరంగంబాడి నుండి 1726లో మద్రాసు వచ్చెను. ఆ తర్జుమా అచ్చుకు నోచుకొనలేదు. ఆయన పనిని పోషించినదెవరనుకొన్నారు? లండనులోని ఆంగ్లికను సంస్థయైన ఎస్.పి.సి.కె. ఆయన తలమీద ఏ ఆంగ్లికను బిషప్పు చేతులుంచలేదు. అయినను ఆయన బాప్తిస్మమిచ్చెను, ప్రభు భోజనము పంచెను, లండనువారు డబ్బు పంపిరి. ఇండియాకు ఆంగ్లికను బిషప్పు రాక పూర్వపు మాట ఇది. కలకత్తాకు మొదటి బిషప్పు 1814లో నియమింపబడెను. బిషప్పులు వచ్చిన తరువాతనే "ఎవరి అభిషేకము చెల్లును, ఎవరిది చెల్లదు?" అను తగవు మన దేశములో పదునెక్కెనని నాకు తోచుచున్నది. నేను బిషప్పుల పదవికి విరోధిని కాను, దాని క్రిందనే పనిచేయుచున్నాను.

తరువాత తెలుగు దేశమును మిషనులు పంచుకొన్నవి. బందరులో 1841లో నోబులు, ఫాక్సు దొరలు సి.ఎం.ఎస్. పక్షమున దిగిరి. గుంటూరు లూథరనులకు, నెల్లూరు ఒంగోలులు బాప్టిస్టులకు, మెదకు వెస్లియనులకు, కడప గుత్తి ప్రాంతములు లండను మిషనుకు, ముత్యాలపాడు నంద్యాలలు ఎస్.పి.జి.కి వచ్చెను. ఒకరి పొలములో మరియొకరు విత్తకుండ ఒప్పందము చేసికొనుట ఆ కాలమునకు మంచి పనియే. అయితే ఫలితమేమి? తాత ఏ తాలూకాలో పుట్టెనో దానినిబట్టి మనుమడు లూథరనో, బాప్టిస్టో, ఆంగ్లికనో ఆయెను. లూథరు చెప్పినదేమో, కాన్టర్బరీ ఎక్కడున్నదో ఆ తాతకు తెలియదు. పైగా కొన్నిచోట్ల ఒక మిషను మాలపల్లెలోను, మరియొకటి మాదిగపల్లెలోను ఎక్కువగా పనిచేసెను. అట్టి ఊళ్లలో మనము సిద్ధాంతపు గోడ అని చెప్పుకొనునది కులపు గోడయే, దానికి వేదాంతపు సున్నము కొట్టితిమి. ఈ మాట కొందరికి కష్టముగా నుండవచ్చును. శతవార్షికమునాడు కాక మరెప్పుడు చెప్పుకొందుము?

ఇక ఆంగ్లికనుల వైపు చూతము. 1888లో లాంబెత్ సభలో కూడిన బిషప్పులు, అంతకు రెండేండ్ల ముందు అమెరికాలోని చికాగోలో రూపుదిద్దుకొన్న నాలుగు మాటలను ఐక్యతకు పునాదిగా అంగీకరించిరి. అవి పరిశుద్ధ లేఖనములు, అపొస్తలుల మరియు నైసీయ విశ్వాస ప్రమాణములు, బాప్తిస్మము ప్రభు భోజనము అను రెండు సంస్కారములు, నాలుగవది ఆయా దేశముల అవసరతలకు తగినట్లు మలచుకొనదగిన చారిత్రక అధ్యక్ష పదవి. మొదటి మూటిమీద మన ప్రొటెస్టెంటు సోదరులలో అనేకులతో పేచీ లేదు. పేచీయంతయు నాలుగవదానితోనే.

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడిరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులే. మన దోర్నకలు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారును, దక్షిణ ఇండియా ఐక్య సంఘమునకు చెందిన శాంటియాగోగారును అందులో ముఖ్యులు. ఈ భేదములు మనము కలుగజేసికొన్నవి కావు, మనమీద పెట్టబడినవి అని వారు తమ ప్రకటనలో తేటగా చెప్పిరి. మరుసటి ఏడు సంభాషణలు మొదలాయెను. 1925లో మెథడిస్టులును చేరిరి. కూడిక మాత్రము 1947లో గాని జరుగలేదు. ఇరువదియేడు సంవత్సరములు! అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి, ఆ దినమును చూడలేదు.

ఇంతకాలమేల పట్టెను? ఒక్క ప్రశ్నకొరకు. బిషప్పు చేతులు పొందని కాంగ్రిగేషనలు, ప్రెస్బిటేరియను, మెథడిస్టు గురువులను కూడికనాడు మరల అభిషేకింపవలెనా? మరల అభిషేకించిన యెడల, ఇన్నాళ్లు వారు పంచిన రొట్టె వట్టి రొట్టెయని చెప్పినట్లగును. అభిషేకింపని యెడల, బిషప్పుల పరంపరను విడిచితిమని ఆంగ్లికనుల మనస్సాక్షి గాయపడును. తుదకు కుదిరినదిది: ఉన్న గురువులందరిని ఉన్నట్టుగనే అంగీకరించుట, కూడిక తరువాతి అభిషేకములన్నియు బిషప్పుల చేతనే జరుగుట, ఏ సంఘముమీదను దాని మనస్సాక్షి ఒప్పని గురువును బలవంతముగా రుద్దకుండుట. ఇట్లు ముప్పది ఏండ్లు ఓర్చుకొన్న యెడల తరము మారి రెండు వరుసలు ఒకటగునని వారి యోచన. ఓర్పును రాజ్యాంగములో వ్రాసికొన్న సంఘము మనది. ఉత్తర ఇండియా సంఘమువారు 1970లో నాగపూరులో వేరు దారి తొక్కి, అందరును ఒకరి తలమీద నొకరు చేతులుంచుకొనిరి. నా మట్టుకు మన దారియే నిజాయితీగలదనిపించును, ఎందుకనగా అందులో ఆ దినమున ఏమి జరిగెనన్నదానిపై ఎవరికిని అనుమానము లేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము వెలసెను. మద్రాసు, దోర్నకలు, తిరునల్వేలి, తిరువాన్కూరు-కొచ్చిన్ అను నాలుగు ఆంగ్లికను అధ్యక్ష ఖండములు అందులో చేరెను. ఆ చేరికతో అవి ఆంగ్లికను కూటమి నుండి బయటికి వచ్చెను. ఈ సంగతిని మనము తరచుగా మరచెదము. మరుసటి ఏడు లాంబెత్ సభ మన గురువుల అభిషేకమును గూర్చి ఏకాభిప్రాయమునకు రాలేకపోయెను. 1955లో గాని ఇంగ్లాండు సంఘపు కన్వొకేషనులు మన బిషప్పులను, బిషప్పులచే అభిషిక్తులైన గురువులను నిజమైనవారిగా గుర్తింపలేదు, అదియు కొన్ని హద్దులతో. 1988 లాంబెత్ సభ నాటికి ఐక్య సంఘముల బిషప్పులు పూర్తి సభ్యులుగా కూర్చుండిరి. నలుబది యేండ్లు మన పెద్దలు తల్లి గడప వెలుపల నిలిచిరి. ఐక్యత ఉచితముగా వచ్చినదని ఎవరును తలంపకుందురు గాక.

నంద్యాల మాట చెప్పక ముందుకు పోరాదు. అక్కడి ఎస్.పి.జి. సంఘములలో వేలాదిమంది కూడికకు ఒప్పుకొనలేదు. వారు కలకత్తా మెట్రోపాలిటను క్రింద ఆంగ్లికనులుగనే నిలిచి, 1963లో ప్రత్యేక అధ్యక్ష ఖండమైరి. 1975లో దక్షిణ ఇండియా సంఘములోనికి వచ్చిరి, అప్పుడును అందరు రాలేదు. మధ్యలోని ఇరువదియెనిమిది యేండ్లలో బంధువులు రెండు బల్లలకు చెందిరి. వారిని మొండివారని తీసివేయుట మనవారికి అలవాటు. నేనట్లనను. తాము నేర్చిన ఆరాధన క్రమము, బిషప్పు చేత పొందిన కన్ఫర్మేషను, తమ పితరుల మాట, వీటిని ఎవరో దూరపు సభలో చేతులెత్తి మార్చిరని వారికి తోచెను. సిద్ధాంతమునకు తోడు ఎస్.పి.జి. సహాయపు చిక్కులు, స్థానిక పెత్తనముల పేచీలును అందులో కలిసియుండెను, కాదనలేము. అయితే ఐక్యతను పల్లె సంఘమునకు వివరించి చెప్పు పని సరిగా జరుగని చోట ఇట్లే జరుగును. గురువుల అభిషేకము విషయమై అంతగా వెనుదీసిన ఆ నంద్యాలలోనే 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ బిషప్పు ఆమెయే. దేవుని పనికి ముందుగా గీత గీయుట ఎవరి తరము?

రోమను కతోలిక సంఘమును గూర్చి కొద్దిగా. 1896లో పోపు పదమూడవ లియో ఆంగ్లికను అభిషేకములు చెల్లవని ప్రకటించెను. ఆంగ్లికనులకు ఎంత బాధ కలిగెనో! అదే బాధను మన ఆంగ్లికనులలో కొందరు మెథడిస్టు గురువుకు కలిగించుచుండిరని వారికి తట్టలేదు. 1966 మార్చిలో రోములో పోపు ఆరవ పౌలు తన ఉంగరమును తీసి ఆర్చిబిషప్పు మైకేల్ రామ్సేకి ఇచ్చెను. 1970 నుండి ఇరుపక్షముల పండితులు ఒక కమిషనుగా కూడి ప్రభు భోజనమును, గురుత్వమును గూర్చి చాలవరకు ఏకమాటకు వచ్చిరి. అయినను 1896 నాటి ప్రకటన రద్దు కాలేదు. మన ఊళ్లో ఆర్.సి.యం. వారితో క్రిస్మసు ఊరేగింపు చేయగలము, ఒకే బల్లకు రాలేము. ఉన్నది ఉన్నట్టు చెప్పుకొనుట మేలు.

మన ఇంటి పక్కనున్న లూథరనుల, బాప్టిస్టుల మాటేమి? ఒకే తెలుగు బైబిలు చదువుచున్నాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము అందరి చేతిలోను ఉన్నది. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు వచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఈ సంఘముల గురువులు ఒకే బల్లమీద చదువుకొనిరి. చదువు ముగిసి ఎవరి పాస్టరేటుకు వారు వెళ్లిన తరువాత మాత్రము పలకరింపు తగ్గును. 1947తో మన పని ముగిసినదని కూర్చుంటిమని నా నింద, అందులో నాకును పాలున్నది.

యువజనులు నాకు చీటీలో పంపిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగించెదను. బాప్టిస్టు సంఘపు పిల్ల మన ఇంటికి కోడలుగా వచ్చిన యెడల ఏమి చేయవలెను? తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున నీటితో పొందిన బాప్తిస్మము బాప్తిస్మమే. రెండవసారి అడుగరాదు. ఆమె తన సంఘములో ప్రభు భోజనములో పాలుగలదైన యెడల, బదిలీ పత్రము వచ్చువరకు బల్ల దగ్గర ఆపవలసిన పని లేదు. మన పిల్ల వారింటికి పోవునప్పుడు చిక్కు హెచ్చు. పసితనపు బాప్తిస్మమును వారు లెక్కింపరు, మరల ముంచవలెనందురు. అది వారి మనస్సాక్షి, హేళన చేయవద్దు. అయితే పెండ్లికి నాలుగు దినములుండగా ఆ పిల్లను ఒంటరిగా ఆ ప్రశ్న యెదుట నిలువబెట్టకుడి. నిశ్చయ తాంబూలములకు ముందే మన గురువు వారి గురువు ఇంటికి వెళ్లి కూర్చుండి మాట్లాడవలెను. రాబోవు జనవరి 18 నుండి 25 వరకు జరుగు ఐక్యతా ప్రార్థన వారములో ప్రతి పాస్టరేటు గురువును పొరుగు సంఘముల గురువులను ఒక పూట భోజనమునకు పిలిచి, ఈ ఒక్క సంగతిని మాట్లాడుకొనవలెనని అధ్యక్షులవారి సెలవుతో మనవి చేయుచున్నాను.