బంకరులో నేర్చింది ఇంట్లో మరిచాను
(శీతాకాల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చలికాలం జాగ్రత్తల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. సిగ్నల్స్‌లో పనిచేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక్క సంగతే చెప్తాను.

2009 జనవరి. ఢిల్లీ పోస్టింగు వచ్చి మూడు నెలలయింది. క్వార్టరు ఇంకా రాలేదు. పాలం దగ్గర రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. బాత్రూము చాలా చిన్నది. అందులోనే గోడకు గ్యాసు గీజరు, పైన జానెడు వెంటిలేటరు. చలిగాలి కొడుతోందని మా ఆవిడ అంటే, నేనే ఒక అట్టముక్క కోసి టేపుతో దాన్ని మూసేశాను. ఇంటాయన మీద తోసెయ్యడానికి లేదండి, మూసిన చెయ్యి నాదే.

భోగి రోజు తెల్లవారుజామున పిల్లలిద్దరికీ తలంటి పోసింది. గీజరు ఆపకుండానే తనూ స్నానానికి తలుపేసుకుంది. బయట బాబు తలనొప్పన్నాడు, పాప వాంతి చేసుకుంది. పెందలాడే లేపాం కదా, పైత్యం చేసిందేమో అనుకున్నాను. ఎంతసేపటికీ ఆవిడ బయటికి రాలేదు. పిలిస్తే పలుకు లేదు, నీళ్ల చప్పుడు మాత్రం వస్తోంది. భుజంతో తోసి గడియ విరగ్గొట్టాను. కింద పడి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన మాట, "గ్యాసు గీజరా?" అని. ఆక్సిజన్ పెట్టారు, బతికింది. తర్వాత రెండు నెలలు తలనొప్పి, మతిమరుపు వదల్లేదు. ఆవిడ ఇవాళ మూడో వరుసలో కూర్చుని ఉంది.

నాకు సిగ్గుగా ఉండేది దేనికంటే, ద్రాస్‌లో ఉన్నప్పుడు ప్రతి రాత్రీ బంకర్లు తిరిగి "బుఖారీ ఆర్పారా? గాలి కన్నం తెరిచారా?" అని కుర్రాళ్లను నిద్రపోనిచ్చేవాణ్ణి కాదు. ఎవడైనా కన్నంలో గోనెగుడ్డ కుక్కితే శిక్ష వేసేవాణ్ణి. అదే పని ఇంట్లో నేను చేశాను.

ఆ గ్యాసు పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే ముక్కు పసిగడుతుంది, ఎందుకంటే ఆ గ్యాసులో కావాలనే వాసన కలుపుతారు. దీనికి ఆ హెచ్చరిక లేదు. మూసిన గదిలో మంట మండేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, మంట సరిగా కాలక ఇది పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాళ్లలో సత్తువ పోతుంది, గడియ తియ్యాలన్న తెలివి కూడా ఉండదు.

బొగ్గుల కుంపటి కూడా అంతే. పొగ రావట్లేదు కదా అని లోపల పెట్టుకుంటాం. ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచే ఇది బాగా వస్తుంది.

మన కంటోన్మెంటులోనే 2017లో ఆరుగురు కేటరింగు పనివాళ్లు కంటైనరులో తందూరు పెట్టుకుని పడుకుని, మళ్లీ లేవలేదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ యాత్రికులు ఎనిమిది మంది హీటరున్న గదిలోనే పోయారు. 2023 హోలీనాడు ఘాజియాబాద్ జిల్లా మురాద్‌నగర్‌లో రంగులు కడుక్కోబోయిన భార్యాభర్తలు గ్యాసు గీజరున్న బాత్రూములో చనిపోయారు. 2024 జనవరిలో అలీపూర్ దగ్గర ఖేడా కలాన్‌లో కుంపటి పెట్టుకుని పడుకున్న ఒకే కుటుంబంలో నలుగురు పోయారు. వీళ్లెవరూ పెద్ద తప్పు చెయ్యలేదు. చలి వేసింది, తలుపులు మూసుకున్నారు, అంతే.

కాబట్టి అద్దె ఇల్లు చూసేటప్పుడు నీళ్లు, కరెంటుతో పాటు బాత్రూములో తల పైకెత్తి చూడండి. గ్యాసు గీజరు లోపల ఉంటే బయటికి మార్పించండి, లేదా కరెంటుది పెట్టించమని ఇంటాయన్ని అడగండి. కాదంటే ఆ వాటా వదులుకోండి. మార్చేదాకా బకెట్టు నింపుకుని, గీజరు ఆపి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే స్నానం. వెంటిలేటరు మూయకండి. కుంపటి పడగ్గదిలోకి తేవద్దు. జనరేటరు మూసిన బాల్కనీలో నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని విడిగా దొరుకుతుంది, వీలైతే కొనండి. పొగను పట్టే అలారం దీనికి పనికిరాదు.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికెళితే తగ్గిందంటే అనుమానించండి. ఎవరైనా పడిపోతే తలుపులు తెరిచి వెంటనే ఆరుబయటికి లాగండి, 112కి ఫోను చెయ్యండి. కోవిడ్‌లో కొన్న వేలి మీటరును నమ్మొద్దు. రక్తంలో ఈ గ్యాసు ఉన్నా అది ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. ఆసుపత్రిలో గీజరు సంగతో, కుంపటి సంగతో ముందే చెప్పండి.

సరిహద్దులో మనల్ని అడగడానికి పైఅధికారి ఉన్నాడు. ఇంట్లో మనల్ని మనమే అడుక్కోవాలి. ఇవాళ భోజనాలు చేసి ఇంటికెళ్లాక, పడుకునే ముందు ఒక్కసారి వెంటిలేటరు చూడండి. అట్టముక్క ఉంటే పీకెయ్యండి.

సెలవు. జై హింద్.