కొనని టిక్కెట్టుకు బహుమతి



తమిళనాడులో 2003లోను, కర్ణాటకలో 2007లోను లాటరీలు నిషేధించారు. అయినా మన పెద్దలకు ఈ-మెయిలులో విదేశీ లాటరీ బహుమతులు వస్తూనే ఉన్నాయి!

కొనని టిక్కెట్టుకు బహుమతి ఎక్కడిది? ఇచ్చేవాడు ముందుగా రుసుము అడుగుతాడా? నిజమైన నగదు బహుమతిలో పన్ను మినహాయించుకొనే ఇస్తారు గదా! రిజర్వు బ్యాంకు ముద్ర చూసి భ్రమపడవద్దు. ఆ బ్యాంకు వ్యక్తులకు పొదుపు ఖాతాలు తెరవదు. విదేశీ లాటరీకి సొమ్ము పంపడం 1999 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం క్రింద నిషిద్ధం.

మొదట వేయి పంపినవారు, అది దక్కాలని పదివేలు పంపుతారు. ఆ ఆశే గాలం. పోయిన వెంటనే 1930కి ఫోను చేస్తే సొమ్మును మధ్యలో నిలుపగల అవకాశం ఉంది. కనుక మోసపోయిన పెద్దలను నిందించవద్దని మేము మనవి చేస్తున్నాం. నింద భయమే వారి నోరు కట్టేస్తుంది.

ఈ ఉగాది మన ఇళ్లకు మేలు చేయుగాక!